న్యూ మూన్ రెండోసారి చూశా, మళ్లీ హౌస్‌ఫుల్లే. చూసినవాళ్లు రండి మాట్లాడుకుందాం

వెన్నెలవాన (ఇర్వింగ్, టెక్సస్)
28 నవంబర్ 2009, ఉదయం

నిన్న మళ్లీ వెళ్లొచ్చా న్యూ మూన్‌కి, అదే, ట్వైలైట్ కథలో రెండో సినిమా. మొదటిసారి 19 రాత్రి పన్నెండు గంటల ఆటకి వెళ్లా, ఆఫీసులో నా పక్క సీటమ్మాయి ఎప్పుడో కొనిపెట్టింది టికెట్లు. ఆ రాత్రి హాలంతా ఒకటే కేకలు. బెల్లా ప్రేమించిన వ్యాంపైర్ ఎడ్వర్డ్ స్కూల్ పార్కింగ్‌లో స్లో మోషన్‌లో నడిచొస్తుంటే మొదలయ్యాయి, ఇంక ఆగితేగా, ఆమె స్నేహితుడు జేకబ్, తోడేలుగా మారే కుర్రాడు, చొక్కా విప్పి బెల్లా నుదుటి మీద రక్తం అద్దుతాడు చూడండి అక్కడైతే ఆ తర్వాత వాళ్లేం మాట్లాడుకున్నారో ఒక్క ముక్క వినపడలా.

ఇప్పుడు థాంక్స్‌గివింగ్‌కి మా ఆడపడుచు వాళ్లు హ్యూస్టన్ నుంచి వచ్చారు. వాళ్ల పాపకి 14 ఏళ్లు, వచ్చిన దగ్గర్నుంచీ అత్తా వెళ్దాం అత్తా వెళ్దాం అని ఒకటే గొడవ. శుక్రవారం కదా జనమంతా షాపుల్లో ఉంటారు, హాలు ఖాళీగా ఉంటుంది, ఈసారి డైలాగులు వినొచ్చు అనుకుని మధ్యాహ్నం మూడింటి ఆటకి వెళ్తే లైను బయట తలుపు దాకా ఉంది. నలుగురికీ ఒకచోట సీట్లు దొరకలేదు, నేనూ పాపా ముందు నుంచి మూడో వరుసలో మెడలెత్తుకుని కూర్చున్నాం, మా ఆడపడుచూ అన్నయ్యగారూ ఎక్కడో పైన.

కానీ అసలు చెప్పాలనుకున్నది ఇది. ఎడ్వర్డ్ అడవిలో వదిలేసి వెళ్లిపోయాక బెల్లా కుర్చీలో కిటికీ ముందు కూర్చునుంటుంది కదా, కెమెరా ఆమె చుట్టూ తిరుగుతూనే ఉంటుంది, ఒక్కో చుట్టుకీ ఒక్కో నెల, అక్టోబర్, నవంబర్, డిసెంబర్ అని అక్షరాలు పడతాయి, బయట కాలం మారిపోతూ ఉంటుంది, ఆ అమ్మాయి మాత్రం కదలదు. అర్ధరాత్రి ఆటలో ఆ చోట ఎవరో "జేకబ్ ఎప్పుడొస్తాడు" అని అరిచారు, హాలంతా నవ్వింది, నేను కూడా నవ్వా. నిన్న అదే చోట కిక్కిరిసిన హాల్లో పాప్‌కార్న్ నమిలే చప్పుడు కూడా లేదు. నా పక్కన అరవై దాటిన ఒక తెల్లావిడ, మనవరాలితో వచ్చినట్టుంది, కళ్లజోడు తీసి ఒళ్లో పెట్టుకుంది.

నాకేం గుర్తొచ్చిందో చెప్తా. 2006లో పెళ్లయి వచ్చాక మేం డెట్రాయిట్ పక్కన ఉండేవాళ్లం. డిపెండెంట్ వీసా, ఉద్యోగం లేదు, కారు నడపడం రాదు, ఆయన ఏడింటికి వెళ్తే మళ్లీ ఏడింటికే. హాల్లో కిటికీ పక్కన ఒక కుర్చీ ఉండేది. ఎదురుగా ఒక చెట్టు. ఆ చెట్టు ఎర్రబడటం, రాలడం, దాని మీద మంచు పడటం అన్నీ ఆ కుర్చీలోంచే చూశా. నన్నెవరూ వదిలేసి వెళ్లలేదు, మా ఆయన బంగారం, అయినా ఆ కుర్చీ నాకు తెలుసు. మొదటిసారి అందరితో కలిసి నవ్వినందుకు నిన్న చాలా బాధేసింది.

మీలో ఎవరైనా రెండోసారి చూశారా? జనంలో చూస్తే ఎలా ఉంది?

⁂

నెల్లూరుచేప (న్యూజెర్సీ)
28 నవంబర్ 2009, ఉదయం

మీ కుర్చీ సంగతి చదివి మనసు అదోలా అయిపోయింది వెన్నెలవాన గారూ. కానీ ఒక మాట అడుగుతా ఏమనుకోకండి, టికెట్ కొనుక్కుని వెళ్లి కేకలు వినడమేంటి? మా ఆవిడ మూడు వారాల నుంచి అడుగుతోంది, నాకు ఆ గోల భయం. సినిమా అంటే చీకట్లో నోరు మూసుకుని చూసేది. డీవీడీ వచ్చాక ఇంట్లో ప్రశాంతంగా చూద్దాం అంటుంటే తను ఒప్పుకోవట్లేదు.

⁂

కృష్ణలంక (అట్లాంటా)
28 నవంబర్ 2009, మధ్యాహ్నం

అన్నా మీది నెల్లూరని పేరులోనే పెట్టుకున్నారు, మొదటి రోజు మొదటి ఆటకి ఎప్పుడూ వెళ్లలేదా? మా బెజవాడలో హీరో కనపడగానే కాగితాలు ఎగిరేవి, ఈలలు, తెర ముందుకెళ్లి హారతులు, పాటకి ఒన్స్‌మోర్లు. పదిహేను నిమిషాలు డైలాగ్ వినపడకపోయినా ఎవరూ ఏమనేవాళ్లు కాదు ఎందుకంటే ఆ కథ వినడానికి మళ్లీ వచ్చేవాళ్లం. మొదటి ఆట పండక్కి, రెండో ఆట సినిమాకి. వెన్నెలవాన గారు చేసిందీ అదే.

నాకు అన్నిటికంటే నచ్చిందేంటంటే ఆ గోల చేసేది ఆడపిల్లలు. మన హాళ్లలో ఆడవాళ్లు బాల్కనీలో కూర్చుని నేల టికెట్ వాళ్ల సందడి పైనుంచి చూసేవాళ్లు. మా అక్క ఈల వేయడం నేర్చుకుంది కానీ హాల్లో ఒక్కసారి కూడా వేయలేదు, నాన్న పక్కనుండేవారు. మొన్న ఇక్కడ హాలు నిండా అమ్మాయిలు గొంతులు పోయేలా అరుస్తుంటే నాకు మా అక్కే గుర్తొచ్చింది, ఫోన్ చేసి చెప్పా కూడా.

⁂

రెండోఆట (లాస్ ఏంజెలెస్)
28 నవంబర్ 2009, మధ్యాహ్నం

లెక్కలు కూడా ఆ అమ్మాయిలవే. మొదటి శుక్రవారం ఒక్కరోజే అమెరికాలో 7 కోట్ల 27 లక్షల డాలర్లు, పోయిన ఏడాది బాట్‌మ్యాన్ సినిమా పెట్టిన ఒక్కరోజు రికార్డు 6 కోట్ల 72 లక్షలు, అది బద్దలైంది. ఒక్క అర్ధరాత్రి ఆటలే 2 కోట్ల 63 లక్షలు, జులైలో హ్యారీ పాటర్ పెట్టిన రికార్డూ పోయింది. మూడు రోజులకి 14 కోట్ల పైన. తీయడానికి 5 కోట్లు అయ్యిందంటున్నారు. ఇది పెద్ద స్టూడియో కూడా కాదు, సమ్మిట్ అనే చిన్న కంపెనీ. ఇన్నాళ్లూ అమ్మాయిలు మొదటి రోజు రారు, సినిమాలు మగపిల్లల కోసమే తీయాలి అనేవాళ్లందరికీ ఇది గట్టి జవాబు.

ఇంక సినిమా గురించి. ట్వైలైట్ తీసింది క్యాథరిన్ హార్డ్‌విక్, అదంతా నీలంగా చల్లగా ఉంటుంది, కెమెరా చేత్తో పట్టుకుని అమ్మాయి మొహంలో మొహం పెట్టినట్టు తీసింది. ఇది క్రిస్ వైట్స్ తీశాడు, కెమెరా హావియర్ అగీరేసరోబే అని స్పెయిన్ ఆయన. రంగులు చూడండి, తేనె రంగు, ఇటుక రంగు, ఇటలీలో ఎరుపు. సంగీతం అలెగ్జాండర్ డెస్‌ప్లా. నా మటుకు ఇదే మంచి సినిమా. కుర్చీ షాట్ సంగతి మీరు చెప్పారు కాబట్టి ఇంకోటి చెప్తా, బెల్లా మీద పగబట్టిన వ్యాంపైర్ విక్టోరియాని తోడేళ్లు అడవిలో తరిమేది గుర్తుందా, థామ్ యార్క్ పాట వస్తూ ఉంటుంది, ఒక్క డైలాగ్ లేదు. అక్కడ కూడా మా హాల్లో ఎవరూ అరవలేదు. జనానికి ఎక్కడ అరవాలో ఎక్కడ ఊరుకోవాలో తెలుసు, మనమే వాళ్లని తక్కువ అంచనా వేస్తాం.

⁂

పుస్తకాలపురుగు (హైదరాబాద్)
29 నవంబర్ 2009, తెల్లవారుజామున

నేను సినిమా ఇంకా చూడలేదు, పుస్తకం మాత్రం మూడుసార్లు చదివా, కాబట్టి కుర్చీ సీన్ గురించి చెప్పకుండా ఉండలేను. పుస్తకంలో ఆ చోట ఏముంటుందో తెలుసా? ఏమీ ఉండదు! అక్టోబర్ అని ఒక పేజీ, అంతే, మిగతా తెల్ల కాగితం. తిప్పితే నవంబర్. తిప్పితే డిసెంబర్. ఆ తర్వాత జనవరి. మొదటిసారి నేను ప్రింటింగ్ తప్పనుకుని కొన్న షాపుకి తీసుకెళ్లబోయా, మా రూమ్మేట్ ఆపింది, ఆగవే అది అలాగే ఉండాలి అని. అప్పుడు తిరిగి ఆ నాలుగు ఖాళీ పేజీలు ఒక్కొక్కటే తిప్పితే చేతులు వణికాయి నిజంగా. బాధ గురించి స్టెఫనీ మేయర్ రాసిన వందల పేజీల కంటే రాయకుండా వదిలేసిన ఆ నాలుగే నాకు ఎక్కువ.

ఖాళీ కాగితాన్ని సినిమాలో ఎలా చూపిస్తారా అనుకున్నా, మీరు చెప్పింది చదువుతుంటే సరిగ్గానే పట్టుకున్నట్టున్నారు.

ఇంకోటి, బెల్లాకి ఎడ్వర్డ్ గొంతు వినపడటం ఉంటుంది కదా ప్రమాదంలో పడినప్పుడల్లా, పుస్తకంలో అది గొంతు మాత్రమే. సినిమాలో మనిషే పొగలా కనపడతాడట నిజమేనా? నాకు అది నచ్చదనిపిస్తోంది. గొంతు అయితే ఆమె మనసులోది, మనిషి కనపడితే దెయ్యం అయిపోతుంది.

⁂

వెన్నెలవాన
29 నవంబర్ 2009, ఉదయం

నాలుగు ఖాళీ పేజీలు! నేను పుస్తకం చదవలేదు, ఇవాళే కొంటా.

అవునమ్మా కనపడతాడు. నాకూ అదే ఇబ్బంది, కానీ హాల్లో ఏం జరుగుతుందో చెప్పనా, అతను వదిలేసి వెళ్లాక గంటకి పైగా సినిమాలో లేడు, ఆ పొగలో కాస్త కనపడితే చాలు అమ్మాయిలు "ఆఁ" అని ఊపిరి పీల్చేవాళ్లు, అరవడం కాదు, చిన్నగా. బెల్లా బండి మీద ఎందుకు అంత వేగంగా వెళ్తుందో అప్పుడు నాకు అర్థమైంది, హాలు మొత్తం ఆమె లాగే అతన్ని ఒక్కసారి చూడ్డానికి కాచుక్కూర్చుంది. ఇంట్లో డీవీడీలో ఒక్కదాన్నే చూస్తే ఇది తెలిసేది కాదు.

⁂

ఇద్దరుపిల్లలతల్లి (చికాగో)
29 నవంబర్ 2009, మధ్యాహ్నం

అందరూ మురిసిపోతున్నారు, నేను కొంచెం వేరే మాట చెప్తా, కోపం తెచ్చుకోకండి. మా పెద్దదానికి 13. దానితోపాటు దాని స్నేహితురాళ్లు అయిదుగురిని తీసుకెళ్లా. ఆ బెల్లా, తనని వదిలేసి వెళ్లిన అబ్బాయి కనపడతాడని కొండ మీంచి సముద్రంలోకి దూకుతుంది. దాన్ని హాలంతా గుడ్లప్పగించి చూస్తోంది, నా పక్కన ఆరుగురు చిన్నపిల్లలు చేతులు పట్టుకుని ఏడుస్తున్నారు. నాకు కడుపులో తిప్పింది. ఇది ప్రేమ అని వీళ్లు నేర్చుకుంటే ఎలా?

రెండోది, ఆ జేకబ్‌గా చేసిన టేలర్ లాట్నర్‌కి ఇంకా 17 ఏళ్లే. ఈ పార్టులో తనని తీసేసి ఇంకొకర్ని పెడతారేమోనని భయపడి 30 పౌన్ల కండ పెంచాడట పాపం. వాడు చొక్కా విప్పితే నా వయసు వాళ్లు, నలభై దాటినవాళ్లు, ఈలలు వేస్తున్నారు. అదే 17 ఏళ్ల అమ్మాయిని చూసి నలభై ఏళ్ల మగాళ్లు హాల్లో అలా అరిస్తే మనం లేచి వచ్చేస్తాం కదా? నేనైతే ఆ రోజు తల దించుకున్నా.

⁂

కృష్ణలంక
29 నవంబర్ 2009, మధ్యాహ్నం

రెండో మాటకి నా దగ్గర జవాబు లేదక్కా, మీరన్నది నిజం. పదమూడేళ్ల పిల్లలు అరవడం వేరు, తల్లులు అరవడం వేరు, నేను రెండిటినీ ఒకే గాటన కట్టేశా.

⁂

రెండోఆట
29 నవంబర్ 2009, సాయంత్రం

మొదటి మాటకి నేను చెప్తా. ఆమె దూకేది చావడానికి కాదు, సినిమా ఆ తేడా చూపిస్తుంది, అంతకుముందు జేకబ్ స్నేహితులు సరదాగా దూకడం చూపించి, ఆమెని కూడా తీసుకెళ్తానని అతను అనడం చూపించి, తర్వాతే ఆమెని ఒంటరిగా పంపిస్తారు. అయినా మీ భయం అర్థమవుతుంది. నాకనిపించేది, కొండ సీన్ కంటే ఆ ముందు ఆమె నాన్న ఛార్లీ ఉన్న సీన్లు పిల్లలతో మాట్లాడాల్సినవి. రాత్రిళ్లు కూతురు నిద్రలో కేకలు పెడుతుంటే పరిగెత్తుకొచ్చి పట్టుకుంటాడు, ఏం చెయ్యాలో తెలీదు, జాక్సన్‌విల్‌లో అమ్మ దగ్గరికి పంపిస్తా అంటాడు. పోలీసాయన, మాటలు రావు. బిల్లీ బర్క్ ఆ పాత్ర చాలా పొదుపుగా చేశాడు, ఎవరూ అతని గురించి రాయరు.

⁂

ఇద్దరుపిల్లలతల్లి
29 నవంబర్ 2009, రాత్రి

ఛార్లీ గురించి మీరు రాసింది చదివి ఇందాక మా దాన్ని అడిగా, నీకు సినిమాలో ఎవరు నచ్చారే అని. ఎడ్వర్డో జేకబో అంటుందనుకున్నా. "వాళ్ల నాన్న, పాపం అతనికి ఎవరూ ఏం చెప్పరు" అంది. కాసేపు మాట్లాడుకున్నాం. బాధగా ఉంటే నాకు చెప్తావా అంటే చెప్తానంది. చాలు నాకు.

⁂

పొగమంచు (సియాటిల్)
30 నవంబర్ 2009, ఉదయం

లేటుగా వచ్చా. మా దగ్గర్నుంచి ఫోర్క్స్‌కి, అదే బెల్లా కథ జరిగే ఊరికి, వెళ్లాలంటే ఫెర్రీ ఎక్కి ఆ తర్వాత డ్రైవింగ్, అంతా కలిపి నాలుగ్గంటలు. ఈ ఆగస్టులో వెళ్లాం. సినిమాలో చూసిన ఊరు అక్కడ వెతుక్కుంటే దొరకదు, ఎందుకంటే న్యూ మూన్ ఎక్కువగా కెనడాలో వాంకూవర్ చుట్టుపక్కల తీశారు, మొదటిది ఒరెగాన్‌లో. ఇటలీ ఊరు కూడా కథలో వోల్టెర్రా, తీసింది మాంటెపుల్చానోలో. అసలు ఫోర్క్స్ చెట్లు కొట్టి బతికిన ఊరు, ఆ పనులు పడిపోయాక ఈ కథ వల్లే మళ్లీ మోటళ్లు నిండుతున్నాయి. బెల్లాది లాంటి ఎర్ర ట్రక్కు ఒకటి పెట్టారు, అందరూ దాని పక్కన ఫొటోలు. ఏడాదికి 100 అంగుళాలకి పైగా వాన పడే ఊరు, మేం వెళ్లిన రోజు మాత్రం ఎండ.

నేను చెప్పాలనుకుంది లా పుష్ గురించి, కథలో జేకబ్ వాళ్లు ఉండే చోటు. అది క్విల్యూట్ వాళ్ల ఊరు, నిజంగా ఉన్న తెగ. తమ మూలపురుషుల్ని తోడేళ్ల నుంచి మనుషులుగా మార్చారన్నది వాళ్ల నిజమైన పుట్టుక కథ. వ్యాంపైర్లతో పగ, రాత్రికి రాత్రి తోడేలుగా మారిపోవడం, ఇవన్నీ రచయిత్రి అల్లినవి. బీచ్‌లో నిలబడితే ఎదురుగా సముద్రంలో నల్ల బండరాళ్లు, వాటి మీద చెట్లు, ఎక్కడ చూసినా కొట్టుకొచ్చిన మొద్దులు. పక్కన ఇద్దరు అమ్మాయిలు టీమ్ జేకబ్ టీషర్టులేసుకుని అక్కడి ఒక కుర్రాణ్ణి నువ్వు తోడేలువా అని అడిగారు. వాడు ఏమీ అనకుండా వెళ్లిపోయాడు. నాకు చాలా సిగ్గేసింది. మన ఇంటి దేవుడి కథని ఎవరో వచ్చి నవల చేసుకుని, మళ్లీ వచ్చి మనల్నే నువ్వు అదేనా అని అడిగితే ఎలా ఉంటుంది?

కాబట్టి పోయిన శనివారం ఇక్కడ నిండిన హాల్లో చూస్తుంటే, జేకబ్ గాల్లోకి ఎగిరి తోడేలై దూకేటప్పుడు అందరూ చప్పట్లు కొట్టారు, నేనూ కొట్టా, గ్రాఫిక్స్ చేసిన టిపెట్ స్టూడియో వాళ్లు ఒక్కో వెంట్రుకా కదిలేలా చేశారు ఆ తోడేళ్లని. కానీ చేతులు కొడుతూ ఆ కుర్రాడి మొహమే గుర్తొచ్చింది.

⁂

పుస్తకాలపురుగు
30 నవంబర్ 2009, రాత్రి

ఇది నాకు తెలీదండీ, పుస్తకం మూడుసార్లు చదివినా ఒక్కసారి కూడా ఆ తెగ నిజమా అని వెతకలేదు. ఇప్పుడు వెతుకుతున్నా.

⁂

నెల్లూరుచేప
5 డిసెంబర్ 2009, రాత్రి

మీరందరూ అన్నాక ఇవాళ తీసుకెళ్లా మా ఆవిడని. రెండు వారాలు దాటింది కదా జనం తగ్గుంటారనుకుంటే ఇంకా ముప్పాతిక హాలు నిండే ఉంది.

గోల ఉంది, నిజమే. ఎడ్వర్డ్ నడిచొచ్చేటప్పుడు వెనక వరుసలో పిల్లలు అరిచారు, నేను తిరిగి చూశా, మా ఆవిడ నా మోచెయ్యి పట్టుకుని ముందుకి తిప్పింది. మొదటి అరగంట నాకు చిరాగ్గానే ఉంది. తర్వాత కుర్చీ వచ్చింది.

మా ఆవిడ కూడా 2004లో డిపెండెంట్ మీదే వచ్చింది. నేను ఎప్పుడూ అడగలేదు పగలంతా ఏం చేసేదానివని. టీవీ చూసేదేమో, ఇంటికి ఫోన్ చేసుకునేదేమో అనుకునేవాణ్ణి. అక్టోబర్ అని పడగానే హాలు చల్లబడిపోయింది, వెనక అరిచిన పిల్లలు కూడా. నవంబర్ అని పడింది. నేను పక్కకి చూశా. తను తెర వైపే చూస్తోంది, ఏడవడం లేదు, తెలిసిన చోటుని చూసినట్టు చూస్తోంది. డిసెంబర్ అని పడేలోపు నేను తన చెయ్యి పట్టుకున్నా.

చివర్లో ఎడ్వర్డ్ పెళ్లి చేసుకో అంటాడు, బెల్లా ఊపిరి బిగబడుతుంది, అక్కడితో తెర నల్లగా అయిపోతుంది. హాలంతా "హా" అని లేచింది, మా ఆవిడ అందరికంటే గట్టిగా అరిచింది. పదేళ్లలో తన గొంతు అంత పెద్దగా నేనెప్పుడూ వినలేదు.

కారులో అడిగా, మన మొదటి అపార్ట్‌మెంట్‌లో కిటికీ పక్కన ఏముండేదని. "కుర్చీ లేదు, సూట్‌కేసు మీద కూర్చునేదాన్ని" అంది.

⁂

వెన్నెలవాన
5 డిసెంబర్ 2009, రాత్రి

అన్నయ్యగారూ, ఒకసారి ఆవిడ చేతికి ఫోన్ ఇస్తారా? నా నంబర్ మీకు మెసేజ్ పెట్టా. ఎంత రాత్రయినా పర్లేదు, మేలుకునే ఉంటా.